ఏనుగు చచ్చినా వెయ్యే – ఆ వెయ్యి ఎవరికి?

“ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే” అని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. గొప్పవాడి విలువ పోయాక కూడా పోదన్న అర్థంలో దీన్ని వాడుతుంటాం. చిన్నప్పుడు ఈ సామెత విన్నప్పుడల్లా నాకొక సందేహం వచ్చేది. బ్రతికున్న ఏనుగు వెయ్యి అంటే సరే. బరువు మోస్తుంది, దుంగలు లాగుతుంది, ఉత్సవంలో స్వామి ముందు నడుస్తుంది. చచ్చిన ఏనుగుకు వెయ్యి ఎవరిస్తారు? ఎందుకిస్తారు? ఆ వెయ్యి చివరకు ఎవరి చేతికి పోతుంది?

ఆ సందేహం పట్టుకుని బయలుదేరితే అది ఆఫ్రికా అడవుల్లో మొదలై, మొంబాసా రేవు దాటి, సింగపూరు, థాయిలాండు, వియత్నాం రేవుల మీదుగా చైనా అంగళ్ళ దాకా నడిపించింది. దారి పొడుగునా ఎన్నో దేశాల సరిహద్దులు తగిలాయి. ఏనుగు దంతం వాటన్నిటినీ దాటుకుంటూ పోయింది. దాని వెనక తరుముకొచ్చిన చట్టం మాత్రం మొదటి సరిహద్దు దగ్గరే ఆగి, అవతలివాళ్ళ అనుమతి కోసం చేతులు కట్టుకుని నిలబడింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే: దంతాన్ని పట్టుకోవడం గెలుపు కాదు. దంతం వెనకనున్న మనిషిని పట్టుకుని, కోర్టులో నిలబెట్టి, నేరం రుజువు చెయ్యగలిగితేనే గెలుపు. దానికి దంతం దాటినంత సులువుగా సాక్ష్యం కూడా సరిహద్దులు దాటాలి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఏనుగంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రేమేమీ లేదు. మాది కుప్పం వైపు వ్యవసాయ కుటుంబం. 1980ల మొదట్లో పక్క రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగుల మందలు మా చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగుకు అభయం దొరికింది, రైతుకు భయం దొరికింది. చెరకు తోటలో మంద దిగితే తెల్లవారేసరికి తోట ఉండదు. డబ్బాలు మోగించి, టపాకాయలు కాల్చి, మంటలు వేసి కాపలా కాసిన రాత్రులు నాకు తెలుసు. ఏనుగుల మీద వ్యాసం రాస్తున్నానని ఇంట్లో చెబితే మా నాయన ఒకటే అడిగాడు: “మన చెరకు తొక్కినప్పుడు ఏ దేశమోడు వచ్చినాడ్రా? ఇప్పుడు దానికోసరం నువ్వు రాస్తాండావా?”

న్యాయమైన ప్రశ్నే. ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఏ జంతుప్రేమా పల్లెల్లో నిలవదు. అందుకే ఆ జవాబు వ్యాసం చివరకు దాచుకుంటాను. ముందు ఈ వ్యాపారం ఎలా జరుగుతుందో చూద్దాం.

దంతమంటే ఏనుగుకు కొమ్ము కాదు, పన్ను. పై దవడలోని ముందరి కొరికే పళ్ళే (కుంతకాలే) పెరిగి బయటకు వస్తాయి. అందులో మూడోవంతు దాకా తల ఎముక లోపలే ఉంటుంది. దొంగకు ఆ మూడోవంతు వదులుకోవడం ఇష్టం ఉండదు. కాబట్టి ఏనుగును చంపి, ముఖం నరికి, దంతాన్ని మొదలంటా తీస్తాడు. మన ఆసియా ఏనుగుల్లో మగవాటికే పెద్ద దంతాలుంటాయి, కొన్ని మగవాటికి అవీ ఉండవు. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడామగా రెండింటికీ దంతాలుంటాయి. కాబట్టి అక్కడి వేటగాడు తల్లిని కూడా వదలడు.

ఈ వేటగాడు సాధారణంగా అడవి పక్క పల్లెవాడే. తుపాకీ అతనిది కాకపోవచ్చు, తూటాలు అతనివి కాకపోవచ్చు. అతని దగ్గర దంతాలు కొని పోగుచేసే దళారి ఒకడు. దళారుల దగ్గర కొని పట్నంలో దాచే వ్యాపారి ఇంకొకడు. టన్నుల లెక్కన పోగయ్యాక కంటైనరులో సర్ది, పైన ఇంకో సరుకు నింపి, కాగితాలు పుట్టించి, ఓడ ఎక్కించే పెద్దమనిషి మరొకడు. 2015 ఏప్రిల్‌లో థాయిలాండు కస్టమ్స్ వారు కొద్ది రోజుల తేడాతో రెండు పెద్ద దొంగ సరుకులు పట్టుకున్నారు. ఒకటి కాంగో నుంచి చిక్కుడు గింజల బస్తాల మాటున వచ్చింది. రెండోది కెన్యా నుంచి తేయాకు మాటున వచ్చింది. రెండూ లావోస్‌కు పోవలసినవి. రెండూ కలిపి సుమారు ఏడు టన్నులు! వేటగాడికి తేయాకు వ్యాపారం తెలుసా? ఓడ కాగితాలు రాయడం తెలుసా? గొలుసులో ఒక్కో లంకె దాటేకొద్దీ దంతం ధర పెరుగుతుంది, పట్టుబడే ప్రమాదం తరుగుతుంది. ప్రాణం పోయేది మొదటి లంకె దగ్గర. డబ్బు మిగిలేది చివరి లంకెల దగ్గర.

మరి చట్టాలు లేవా? కావలసినన్ని ఉన్నాయి. అంతరించిపోతున్న జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒడంబడిక – సైటిస్ అంటారు – 1973లో వాషింగ్టన్‌లో కుదిరి 1975లో అమలులోకి వచ్చింది. మన దేశం 1976లో అందులో చేరింది. ఆసియా ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆ ఒడంబడిక మొదటినుంచీ నిషేధించింది. ఆఫ్రికా ఏనుగుకు మాత్రం ఆ రక్షణ ఆలస్యమైంది. 1979లో సుమారు 13 లక్షలుగా అంచనా వేసిన ఆఫ్రికా ఏనుగుల సంఖ్య పదేళ్ళలో సుమారు 6 లక్షలకు పడిపోయాకగానీ ప్రపంచం మేలుకోలేదు. 1989 జూలైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతాలకు స్వయంగా నిప్పు పెట్టాడు. ఆ ఏడే లొజాన్‌లో జరిగిన సమావేశంలో ఆఫ్రికా దంతం వ్యాపారాన్ని కూడా నిషేధించారు.

మన దేశం సంగతి చూస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో, 1991లో సవరించి, ఇక్కడి దంతం, ఆఫ్రికా నుంచి దిగుమతైన దంతం – రెండింటి వ్యాపారాన్నీ మూసివేశారు. అయినా వ్యాపారికి ఉపాయాలకు కొదవా? “మాది ఏనుగు దంతం కాదు, ఎప్పుడో వేల ఏళ్ళ క్రితం అంతరించిన మామత్ దంతం” అని కోర్టుకెక్కారు. 2003లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. దంతమంటే దంతమే, ఏ జంతువుదైనా సరే వ్యాపారం కుదరదని తేల్చింది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. చెక్కి పాలిష్ పట్టాక ఏది మామత్‌దో ఏది ఏనుగుదో అంగట్లో చూసి చెప్పేదెవరు? ఒక సన్నని సందు వదిలితే చాలు, అందులోంచి మందంతా దూరిపోతుంది.

ఆ సందు ఎంత పెద్దదవుతుందో ప్రపంచం 2008లో చూసింది. అంతకుముందు 1999లో బోట్స్వానా, నమీబియా, జింబాబ్వేలు తమ గోదాముల్లోని సుమారు 50 టన్నుల దంతాన్ని సైటిస్ అనుమతితో జపాన్‌కు అమ్మాయి. 2008లో ఆ మూడింటికీ దక్షిణాఫ్రికా తోడై సుమారు 102 టన్నులు చైనాకూ జపాన్‌కూ అమ్మాయి. సక్రమమైన సరుకు అంగట్లో ఉంటే దొంగ సరుకు కొనేవాడుండడని అమ్మకాన్ని సమర్థించినవారు అనుకున్నారు. కానీ ఆ తరువాతి సంవత్సరాల్లో ఆఫ్రికాలో వేట పెచ్చుపెరిగింది. టాంజానియాలో 2009లో సుమారు 1,09,000 ఉన్న ఏనుగులు 2014 నాటికి సుమారు 43,000 అయ్యాయి. వేట పెరగడానికి ఆ అమ్మకం ఒక్కటే కారణమా అన్నది ఆర్థికవేత్తలు నేటికీ వాదించుకునే విషయం. నా మట్టుకు నాకు ఒకటి స్పష్టం. నూనెలో నీళ్ళు కలిపితే తెలుస్తుంది గానీ పాలలో నీళ్ళు కలిపితే ఎలా తెలుస్తుంది? సక్రమ సరుకు పక్కన దొంగ సరుకు పెట్టి అమ్మడం వ్యాపారికి ఎప్పుడూ సుఖమే.

ఇక అసలు విషయానికి వద్దాం. సరిహద్దు దగ్గర చట్టం ఎందుకు ఆగిపోతుంది?

వీరప్పన్ పేరు విననివారు మన దక్షిణాదిలో ఉండరు. గంధపుచెక్కల దొంగగా పేరుపడ్డాడు గానీ అతను ముందు చేసింది ఏనుగు దంతాల వ్యాపారమే. తమిళనాడు, కర్ణాటక, కేరళ అడవులు కలిసే చోట అతని రాజ్యం నడిచింది. ఒక రాష్ట్రం పోలీసులు తరిమితే ఇంకో రాష్ట్రంలోకి దాటేవాడు. 2004 అక్టోబరులో తమిళనాడు ప్రత్యేక దళం చేతిలో చనిపోయేదాకా దాదాపు రెండు దశాబ్దాలు ఈ దోబూచులాట సాగింది. ఆలోచించండి. ఆ రాష్ట్రాలన్నిటికీ ఒకే వన్యప్రాణి చట్టం, ఒకే సుప్రీంకోర్టు, ఒకే కేంద్ర ప్రభుత్వం ఉన్నాయి. అయినా అంతకాలం పట్టింది. అలాంటిది కాంగోలో చంపి, ఉగాండాలో పోగుచేసి, కెన్యాలో ఓడ ఎక్కించి, మలేషియాలో కాగితాలు మార్చి, వియత్నాంలో దించే నేరాన్ని ఏ పోలీసు దర్యాప్తు చెయ్యాలి? ఏ కోర్టు విచారించాలి?

సినిమాల్లో ఇంటర్‌పోల్ అధికారి విమానం దిగి దొంగ చేతికి బేడీలు వేస్తాడు. నిజంలో ఇంటర్‌పోల్‌కు ఎవర్నీ అరెస్టు చేసే అధికారం లేదు. ‘రెడ్ నోటీసు’ అంటే “ఫలానావాడు మాకు కావాలి, మీ దేశంలో కనబడితే పట్టి ఉంచండి” అని ఒక దేశం కోరిక మీద మిగతా దేశాలకు పంపే విన్నపం మాత్రమే. ఆ విన్నపం వినాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం. పట్టుకున్నా అప్పగించాలంటే సాధారణంగా ఆ పని రెండు దేశాల్లోనూ నేరమై ఉండాలి. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సంఘటిత నేరాల ఒడంబడిక కొంత దారి చూపింది గానీ, దాని లెక్కలో ‘తీవ్ర నేరం’ అంటే గరిష్ఠ శిక్ష కనీసం నాలుగేళ్ళుండాలి. మన చట్టంలో ఏనుగు వంటి జంతువులపై నేరానికి మూడు నుంచి ఏడేళ్ళ శిక్ష ఉంది కాబట్టి మనం ఆ గీత దాటాం. జరిమానా కట్టించుకుని వదిలేసే దేశానికి ఆ దారి మూసుకుపోయినట్లే. దొంగ వీటన్నిటినీ మనకంటే బాగా చదువుకుంటాడు. చట్టం ఎక్కడ మెత్తగా ఉందో అక్కడే గోదాము పెడతాడు.

ఒక్క కేసు కథ చెబితే ఇదంతా తేటపడుతుంది. 2014 జూన్‌లో మొంబాసాలో ఒక గోదాములో రెండు టన్నులకు పైగా దంతాలు దొరికాయి. ఫైసల్ మొహమ్మద్ అలీ అనే వ్యాపారి మీద కేసు పెట్టారు. అతను అప్పటికే దేశం దాటాడు. రెడ్ నోటీసు వెలువడింది. ప్రపంచంలో వెతుకుతున్న పర్యావరణ నేరస్థుల జాబితాలో ఇంటర్‌పోల్ అతని పేరు చేర్చింది. ఆ డిసెంబరులో పొరుగున టాంజానియాలోని దార్ ఎస్ సలాంలో పట్టుకుని కెన్యాకు అప్పగించారు. సరిహద్దు దాటిన చట్టానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది? 2016 జూలైలో ఇరవై ఏళ్ళ జైలు శిక్ష పడింది. పత్రికలన్నీ మెచ్చుకున్నాయి. కానీ కథ అక్కడ ఆగలేదు. 2018 ఆగస్టులో హైకోర్టు అప్పీలులో ఆ శిక్షను కొట్టివేసింది. సాక్ష్యాల్లో లోపాలున్నాయని చెప్పి అతన్ని విడుదల చేసింది.

హైకోర్టును తప్పుపట్టడానికి నేనీ కథ చెప్పడం లేదు. నేరం రుజువు కానివాడిని వదలడం న్యాయస్థానం ధర్మం. చట్టం దృష్టిలో నేడతను నిర్దోషి. కానీ ఆ రెండు టన్నుల దంతం గాలిలోంచి ఊడిపడలేదు కదా! ఎన్నో ఏనుగుల దంతాలు అక్కడికి ఎవరో చేర్చారు. ఆ ‘ఎవరో’ ఎవరన్నది ఆ తీర్పు తరువాత మళ్ళీ మొదటికొచ్చింది. మనిషి సరిహద్దు దాటి వచ్చాడు గానీ, కోర్టులో నిలబడగలిగిన సాక్ష్యం రాలేదు. మా లాబరేటరీలో మాష్టారు ఎప్పుడూ అనేమాట గుర్తుకొస్తుంది: లెక్క సరిపోయినా రికార్డు సరిగా లేకపోతే ప్రయోగం చెయ్యనట్లే.

ఇక్కడే సైన్సు విద్యార్థిగా నాకొక ఆశ కనబడుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ వాసర్, ఆయన సహచరులు ఆఫ్రికా అంతటా ఏనుగుల లద్దె పోగుచేశారు. అవును, లద్దే! లద్దెకు అంటుకుని వచ్చే పేగు కణాల్లో ఏనుగు డి.ఎన్.ఏ. ఉంటుంది. ఏ ప్రాంతపు ఏనుగుల్లో ఏ జన్యు లక్షణాలు ఎక్కువో దాని ఆధారంగా ఒక పటం తయారుచేశారు. తరువాత పట్టుబడ్డ దంతంలోంచి చిన్న ముక్క కోసి, దాని డి.ఎన్.ఏ.ను ఆ పటంతో సరిపోల్చారు. 2002లో సింగపూరులో దొరికిన 6.5 టన్నుల సరుకు జాంబియా చుట్టుపక్కల మైదానాల ఏనుగులదని ఇలాగే తేలింది. 2015లో ప్రచురించిన పరిశోధనలో, పెద్ద సరుకులన్నీ ప్రధానంగా రెండే ప్రాంతాల నుంచి వస్తున్నాయని చూపారు. మైదాన ఏనుగులవి ఆగ్నేయ టాంజానియా, దాని పక్కన మొజాంబిక్ నుంచి; అడవి ఏనుగులవి గాబోన్, కాంగో, కామెరూన్‌లు కలిసే ప్రాంతం నుంచి.

ఇంకా ఆశ్చర్యకరమైన విషయం 2018లో బయటపడింది. ఒక ఏనుగుకు రెండు దంతాలు. దొంగలు వాటిని సర్దేటప్పుడు జత చూసి సర్దరు కదా! ఎడమ దంతం ఒక కంటైనరులో, కుడి దంతం ఇంకో కంటైనరులో పోతుంది. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు నెలల్లో పట్టుబడ్డ సరుకుల్లో ఒకే ఏనుగు రెండు దంతాలను వాసర్ బృందం గుర్తించింది. అలా జత కుదిరిన సరుకులు ఒకే రేవు నుంచి, పది నెలల లోపు తేడాతో బయలుదేరాయని తేలింది. అంటే రెండింటి వెనకా ఒకే ముఠా ఉందన్నమాట! మొంబాసా, ఎంటెబ్బే, లోమే కేంద్రాలుగా మూడు పెద్ద ముఠాలు పనిచేశాయని ఈ జతల ద్వారా ఊహించగలిగారు. 2022లో 49 సరుకుల నుంచి తీసిన 4,320 దంతాలను పరీక్షించి, తల్లీ పిల్లల, తోబుట్టువుల దంతాలను కూడా కలిపి చూపారు. చచ్చిన ఏనుగుల చుట్టరికం బ్రతికున్న దొంగల చుట్టరికాన్ని బయటపెట్టింది!

అయితే సైన్సు ఒక్కటే చాలదు. దంతం ముక్క ప్రయోగశాలకు చేరాలి కదా! 500 కిలోలు, ఆపైన పట్టుబడ్డ ప్రతి సరుకు నుంచీ నమూనాలు తీసి పరీక్షకు పంపాలని సైటిస్ దేశాలు 2013లో అనుకున్నాయి. అనుకోవడం వేరు, పంపడం వేరు. దంతం ముక్క పరీక్ష కోసం దేశం దాటాలన్నా అదే సైటిస్ కాగితాలు కావాలి. దొంగకు అక్కరలేని అనుమతి శాస్త్రజ్ఞుడికి కావలసి వస్తుంది!

ఇవన్నీ కుదిరితే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది వట్టి నిరాశా గీతమవుతుంది. 2019 జూలైలో సింగపూరు అధికారులు కాంగో నుంచి వియత్నాంకు పోతున్న కంటైనర్లలో 8.8 టన్నుల దంతం పట్టుకున్నారు. సుమారు 300 ఏనుగులవి. కాగితాల మీద ‘కలప’ అని ఉంది. ఆ కబురు ముందుగా అందించింది చైనా కస్టమ్స్ వారు. ఒకప్పుడు దంతానికి అతిపెద్ద అంగడి అని పేరుపడ్డ చైనా 2017 డిసెంబరు 31 నాటికి తన దేశంలో దంతం వ్యాపారాన్ని మూసివేసింది. కొనేవాడే కాపలాదారు అయితే ఎంత మార్పో చూడండి. అలాగే లైబీరియా పౌరుడు మోజు క్రోమా ఉగాండాలో ఉంటూ దంతాలు, ఖడ్గమృగం కొమ్ములు అమ్మేవాడు. అతను 2019లో ఉగాండాలో పట్టుబడి అమెరికాకు చేరాడు. నేరం ఒప్పుకున్నాక 2022 ఆగస్టులో న్యూయార్కు కోర్టు అతనికి 63 నెలల జైలు శిక్ష వేసింది. కనీసం పది టన్నుల దంతం వ్యాపారంలో అతని ముఠాకు పాత్ర ఉందని అభియోగం. అయిదేళ్ళు పైచిలుకు శిక్ష చాలా అని మీరడగవచ్చు. చాలదు. కానీ ఇక్కడ శిక్ష పడింది తుపాకీ పట్టిన కూలివాడికి కాదు, సరుకు నడిపినవాడికి. వీటితో పాటు మరికొన్ని కారణాలు కలిసి ఆఫ్రికాలో వేట 2011 నాటి ఉధృతి నుంచి తగ్గుతూ వచ్చింది. తగ్గింది, పోలేదు. 2022 జూలైలో మలేషియాలో మళ్ళీ ఆరు టన్నులు దొరికాయి.

ఇప్పుడు మా నాయన ప్రశ్నకు వస్తాను. ఇది మా నాయన ఒక్కడి ప్రశ్న కాదు. బోట్స్వానాలో లక్షకు పైగా ఏనుగులున్నాయి. అక్కడి రైతు కూడా పంట పోగొట్టుకుంటాడు, ఒక్కోసారి ప్రాణమూ పోగొట్టుకుంటాడు. “మా ఏనుగులు, మా పొలాలు, మా నష్టం, దంతం అమ్మవద్దని చెప్పడానికి మీరెవరు?” అని ఆ దేశాలు ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. పట్నంలో కూర్చుని ఏనుగు బొమ్మ చూసి మురిసిపోయేవాడికి అది అర్థం కాదు.

కానీ దొంగవేట వల్ల ఆ రైతుకు ఒరిగిందేమిటి? నా చదువులో నాకు కనబడింది ఏమీ లేదు. దంతం డబ్బు నష్టపరిహారంగా అతని ఇంటికి రాలేదు. కందకంగా అతని పొలం చుట్టూ తవ్వబడలేదు. అది కంటైనరుతో పాటు రేవు దాటిపోయింది. ఊరికి మిగిలింది తుపాకీ, కేసు, జైలు. మన శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కథ ఇదే కాదా? ఎర్రచందనం కూడా సైటిస్ జాబితాలో ఉన్నదే, అది కూడా విదేశాల్లోని అంగళ్ళ కోసమే పోతుంది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది చనిపోయారు. వాళ్ళు గొడ్డలి పట్టిన కూలీలని పోలీసులన్నారు. ఆ కాల్పుల తప్పొప్పుల మీద ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. నా ప్రశ్న ఒకటే. ఆ కలప కొనే విదేశీ వ్యాపారి మీద ఆ రోజు ఎవరు గురిపెట్టారు? సరిహద్దు దాటలేని చట్టం తన బలమంతా ఇవతలనున్న బీదవాడి మీదే చూపుతుంది. సరిహద్దు దాటే చట్టం కావాలని నేనడిగేది ఏనుగు కోసం మాత్రమే కాదు, ఆ కూలివాడి కోసం కూడా.

కాబట్టి నా కోరికలు మూడే. ప్రప్రథమంగా, సరుకు పట్టుకుని ఫోటో దిగడంతో కేసు ముగియకూడదు, అక్కడే మొదలవాలి. ఓడ కాగితాలు, ఫోను లెక్కలు, బ్యాంకు లెక్కలు, దంతం నమూనాలు – ఇవన్నీ సంబంధించిన దేశాలు కలిసి దర్యాప్తు చెయ్యాలి, ఏ కోర్టుకైనా పనికొచ్చే పద్ధతిలో భద్రపరచాలి. రెండవది, అన్ని దేశాలూ దీన్ని తీవ్ర నేరంగా చట్టంలో రాసుకోవాలి. మూడవది, ఏనుగును కాపాడమని రైతుకు చెప్పే ప్రతి ప్రభుత్వమూ ముందు రైతు పంటను కాపాడాలి, పోయిన పంటకు వెంటనే పరిహారం ఇవ్వాలి. ఏనుగు మీద పగబట్టిన పల్లె దొంగకు ఆశ్రయమిస్తుంది. ఏనుగుతో సర్దుకున్న పల్లె దొంగను పట్టిస్తుంది. రాష్ట్రాల మధ్య సహకారం సాధ్యమేనని మనం ఇటీవలే చూశాం. 2025 మే నెలలో మందలను అడవిలోకి మళ్ళించడానికి కర్ణాటక మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను ఇచ్చింది. ఏనుగు సరిహద్దు దాటి వచ్చింది, దాన్ని మళ్ళించే ఏనుగు కూడా సరిహద్దు దాటే వచ్చింది!

ముగించేముందు మొజాంబిక్ దేశపు గొరొంగోసా మాట చెప్పాలి. అక్కడ 1977 నుంచి 1992 దాకా జరిగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఏనుగులను చంపి తుపాకులు కొన్నారు. నూటికి తొంభై పోయాయి. మిగిలినవాటిలో దంతాలు లేని ఆడ ఏనుగులు ఎక్కువ, ఎందుకంటే వాటిని చంపి లాభం లేదు. యుద్ధానికి ముందు ఆడ ఏనుగుల్లో సుమారు 18 శాతంగా ఉన్న దంతం లేనితనం యుద్ధం తరువాత సుమారు 50 శాతమైందని 2021లో శాస్త్రజ్ఞులు ప్రచురించారు. పైగా ఆ లక్షణాన్నిచ్చే జన్యువు మగ పిల్లలకు ప్రాణాంతకమని కూడా వారు భావించారు. అంటే ఏనుగు తన దంతాన్నీ, తన కొడుకులనూ వదులుకుని ప్రాణం దక్కించుకుంటోంది! పదిహేనేళ్ళలో ప్రకృతి తన చట్టాన్ని మార్చి రాసుకుంది. యాభై ఏళ్ళుగా సమావేశాలు జరుపుతున్న మనం మన చట్టాన్ని ఒక సరిహద్దు దాటించడానికి ఇంకా తంటాలు పడుతున్నాం.

ఏనుగు చచ్చినా వెయ్యే. ఆ వెయ్యి చంపినవాడికి రాదు, పంట పోయినవాడికి రాదు, ఆ అడవి ఉన్న దేశానికీ రాదు. అది ఎవరికి పోతుందో వాడి పేరు కోర్టు కాగితం మీదికి ఎక్కిననాడే ఈ వ్యాపారం ఆగుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా నాయనకు ఈ జవాబే చెబుతాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఆ రాత్రి కూడా చెరకు తోటకు కాపలా మాత్రం ఇద్దరం కలిసే కాస్తాం.